ఒక్కదాని సంగతి

పలాస బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ల్యాప్‌టాప్‌లో చుక్కల బొమ్మలు చూస్తోంది.

"ఏటమ్మా అవి?"

"గెలాక్సీలు తాతా. లచ్చల్లో ఉన్నాయి. ఎంత దూరందైతే దాని వెలుగు అంత ఎర్రబడతాది, అంత సిన్నప్పటి రూపం కనబడతాది. ఆ ఎరుపు కొలిసి అన్నిట్నీ వయసు వరసలో పెడితే, గెలాక్సీలు ఎలా ఎదుగుతాయో తెలుస్తాది."

ఒక చుక్క మీద వేలు పెట్టాను. "మరి ఇది ఏటవుతాది?"

"ఒక్కదాని సంగతి సెప్పలేం తాతా."

ల్యాప్‌టాప్ మూసింది. దాని కింద ఆసుపత్రి ఫైలు ఉంది. వాళ్ల నాన్నకి కిడ్నీలు పాడయ్యాయట. డాక్టర్లు కూడా వేలమంది సంగతి చెబుతున్నారు గాని నాన్న సంగతి చెప్పడం లేదట.

నేను ఊరుకోవచ్చు కదా. ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేశాననీ, ఇలాంటివాళ్లని వందలమందిని లేపి తిప్పాననీ, మీ నాన్నా లేస్తాడనీ కోతలు కోసేశాను.

"ఏ మందులు వాడారు తాతా?" అంటూ ఆమె పెన్ను తీసింది.

ఇక చెప్పక తప్పలేదు. "నాను సాలూరులో లారీలకి రంగులేసినోణ్ణమ్మా."

కోప్పడలేదు. పెన్నుకి మూత పెట్టింది.

"పోనీ, నాన్న లేస్తాడని ఇంకోపాలి సెప్పు తాతా" అంది.

ఆ మాటకి బదులు ఆమె ఫైలు అందుకుని, టెక్కలి దాటేదాకా నా ఒళ్లో పెట్టుకున్నాను.