బట్ట తొక్కినవాళ్ళ ఇంటిపేరు

మొన్న మంగళవారం మా జీపీ డాక్టరు దగ్గర కూర్చుని ఉంటే, కౌంటరు వెనక అమ్మాయి "వాకర్" అని పిలిచింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న ఒక పడుచుపిల్ల లేచి లోపలికి వెళ్ళింది. తన పేరులో ఏముందో ఆ పిల్లకు తెలుసో లేదో. నాకు మాత్రం ఆ పేరు పుట్టుపూర్వోత్తరాలన్నీ కంఠతా వచ్చు. నేర్పినాయన, ఐర్లండులోని ఈ కిల్కెన్నీలో మేము చాలా ఏళ్ళు అద్దెకున్న ఇంటి యజమాని. ఆయనా వాకరే.

ఆయన రిటైరైన బడిపంతులు. భార్య పోయాక పక్కింట్లో ఒంటరిగా ఉండేవాడు. మా వంటింటి ప్రెస్ తలుపు ఊడిందని కబురు చేస్తే (ఇక్కడ అలమారాను ప్రెస్ అంటారు) స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చేవాడు. రెండు కప్పుల టీ తాగి, ఇంటిపేర్ల గురించి గంటసేపు చెప్పి, తలుపును ఒకసారి ఆప్యాయంగా తట్టి, "గ్రాండ్ నౌ", అంటే ఇక బాగుంది, అని వెళ్ళిపోయేవాడు. మేము ఆ ఇల్లు ఖాళీ చేసేనాటికి కూడా ఆ తలుపు వంకరగానే వేలాడుతూ ఉంది. వాకర్ అంటే నడిచేవాడు కదా అని ఒకరోజు అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "నడిచాం అమ్మాయ్, కానీ దారి మీద కాదు, తొట్టిలో!" మగ్గం మీంచి దిగిన ఉన్నిబట్ట జిడ్డుగా, వదులుగా ఉంటుందట. దాన్ని తొట్టిలో వేసి, పులిసిన మూత్రం పోసి, మోకాళ్ళ పైకి బట్ట ఎగగట్టి గంటల తరబడి తొక్కితే జిడ్డు వదిలి నేత దగ్గరపడుతుందట. ఇంగ్లండులో ఉత్తరాదివాళ్ళు ఆ పనివాణ్ణి వాకర్ అన్నారు, నైరుతి మూల టక్కర్ అన్నారు, ఆగ్నేయం వైపు ఫుల్లర్ అన్నారు. నీటితో తిరిగే మరలు వచ్చి కాళ్ళతో తొక్కే పని పోయింది, పేరు మిగిలింది. ఆ పేరుతోనే కొందరు సముద్రం దాటి ఐర్లండుకొచ్చారు, ఇంకొందరు అమెరికాకూ ఆస్ట్రేలియాకూ పోయారు. "మా తాతలు ఉచ్చలో నిలబడి తొక్కితేనే దొరలకు వెచ్చటి కోట్లు దొరికాయి," అనేవాడు మీసం మీది టీ తుడుచుకుంటూ, తనే తొక్కి వచ్చినంత గర్వంగా.

ఆరోజు నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. "మాదీ అదే పని," అన్నాను. మా అసలు ఇంటిపేరు చాకలి. మా అవ్వ వంకలో చవుడు మన్నుతో ఊరందరి బట్టలూ ఉతికేది. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి అంచు మీద జీడిగింజ రసంతో చుక్కలు పెట్టేది. చదువు రాని మనిషే, ఆ చుక్కలు మాత్రం ఎన్నడూ తప్పేది కాదు. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా అయ్యాక ఆ పేరు తీసేయించి ఊరిపేరు రాయించుకున్నాడు. "ఈ మాట మన గడప దాటగూడదు," అని మాతో ఒట్టు వేయించుకున్నాడు. నలభై ఏళ్ళు వచ్చాక, వేరే దేశపు వంటింట్లో, ఆ ఒట్టు అంత సులువుగా తప్పాను. ముసలాయన లేచి నిలబడి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. చుట్టాలు కలిసినట్టు ఇద్దరం నవ్వుకున్నాం. గుండె మీద బరువేదో దిగిపోయిందనిపించింది.

ఆ తేలికలోనే అక్కకూ చెప్పాను. అక్క అంటే తోబుట్టువు కాదు. మా కర్నూలు వైపు మనిషి, నాలుగు వీధుల అవతల ఉండేది. నేను ప్రసవించినప్పుడు మిరియాల చారు కాచి ఆసుపత్రికి తెచ్చింది, నా బట్టలు ఇంటికి తీసుకుపోయి ఉతికి తెచ్చింది. తొమ్మిదేళ్ళుగా ఆమె ఇల్లు నా పుట్టిల్లు. నా మాట విని ఒక్క క్షణం ఆగి, "దాంట్లో ఏముందిమే, నువ్వు నా చెల్లెలివి," అని నా తల నిమిరింది. ఆ ఒక్క క్షణం ఆగడాన్ని నేను లెక్కచేయలేదు.

ఆ ఏడాది ఉగాదికి తెలుగువాళ్ళందరం చర్చివాళ్ళ పారిష్ హాలు అద్దెకు తీసుకున్నాం. ఏటా పులిహోర నాది. వారం ముందు అక్క ఫోను చేసి, "ఈసారి నువ్వు కష్టపడొద్దుమే, డ్యూటీలతో అలిసిపోయింటావు. ఇంకెవరికన్నా చెప్తాలే," అంది. ఎంత ప్రేమ అనుకున్నాను. భోజనాలయ్యాక, వాటర్‌ఫోర్డ్ నుంచి వచ్చిన ఒక కొత్త కోడలు పసుపు మరకలు పడిన బల్లగుడ్డలన్నీ సంచీలో కుక్కి నా చేతికిచ్చింది. "అక్క మీకిమ్మన్నారండీ. మరకలు వదిలించడం మీ ఇంట్లో పనేనంట కదా!" పాపం, ఆ పిల్ల మెచ్చుకోలుగానే అంది. వెనక ఇద్దరు ముగ్గురు మాత్రం మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

అక్క వేదిక దగ్గర మామిడాకులు విప్పుతూ ఉంది.

"చెప్పినావా అక్కా?"

"ఏంది?"

"నీకొక్కదానికే చెప్పినాను."

"అయ్యో, నవ్వులాటకు అంటిమి లేమే. ఆ తెల్ల ముసలాయనకు చెప్పుకుని మురిసిపోతివే, మావాళ్ళకు తెలిస్తే తప్పా?"

"పులిహోర వద్దన్నదీ నవ్వులాటకేనా?"

ఆమె నా వైపు చూడలేదు. "మా అత్త వచ్చిండ్లా ఊర్నుంచి. పెద్దోళ్ళు, వాళ్ళ పట్టింపులు వాళ్ళవి. నేనేం చేసేది?"

'మావాళ్ళు' అన్న మాట అప్పుడు వినబడింది నాకు. సంచీ ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. కారులో తొమ్మిదేళ్ళ నా కూతురు తన ఐరిష్ యాసలో, "వాట్స్ రాంగ్ విత్ వాషింగ్, అమ్మా?" అని అడిగింది. తప్పేమీ లేదని చెప్పాలి. కారు తాళం తిప్పాను.

మర్నాడు ముసలాయనకు చెప్పాను. ఏదో కథ అందుకుంటాడనుకున్నాను. టీ కప్పు కింద పెట్టేశాడు. "నా పేరు విని ఎవరూ నా చేతి తిండి మానలేదమ్మాయ్," అన్నాడు. "అందుకే నాకు నవ్వు వచ్చింది. నీకూ వస్తుందనుకున్నాను. నాదే బుద్ధితక్కువ."

అక్క వాళ్ళు తరవాత కాజిల్‌బార్ వెళ్ళిపోయారు. ఆమె పండగ పండక్కీ పూల బొమ్మతో శుభాకాంక్షలు పంపుతుంది. నేను చూస్తాను, జవాబివ్వను. నన్ను బాధపెట్టేది ఆ ఒక్క ఉగాది కాదు, దానికి ముందున్న తొమ్మిదేళ్ళు. వాటిలో ప్రేమ ఎంతో, నేనెవరో తెలియకపోవడం వల్ల వచ్చిన ప్రేమ ఎంతో ఇప్పటికీ విడదీయలేకపోతున్నాను. జరిగిపోయిన కాలం జరిగినట్టే ఉండిపోతుందనుకునేదాన్ని. అదీ మారిపోతుంది.