బొమ్మలో ఆయన నడక

నా కూతురు చదివేది యానిమేషన్. ఆ మాట నోటికి పట్టేకే నాకు ఆరు నెలలైంది. చర్చిలో ఎవరన్నా అడిగితే కంప్యూటర్ చదువని తప్పించుకునేదాన్ని. పక్కింటామె మాత్రం వదల్లేదు. చెప్పినాను. "ఓ, పిల్లోల్లు చూసే బొమ్మలా! దానికి దినామూ బెంగళూరికి రైలెక్కి పోవల్లనా అక్కా?" అని నవ్వింది. నాకు మండింది. ఇంటికొచ్చి, ఆ మాటకు అర్థమేందో సరిగ్గా చెప్పమని కూతురినే అడిగినాను.

"కదలని దానికి ప్రాణం పోసేదమ్మా" అనింది.

ప్రాణం పోసేదంట. వాళ్ల నాయన ఊపిరందక ఆసుపత్రిలో కొట్టుకుంటా ఉంటే పక్కన కూర్చోని చూసినదాన్ని నేను. నా దగ్గరా ఆ మాట? అయినా, నాకు సంతకం వరకే వచ్చు, చదువుకునేది అది.

మా ఆయన బంగారు గనిలో పనిచేసినాడు. గని మూసేసిన రెండేండ్లకు పోయినాడు. అప్పుడు పాపకు మూడేండ్లు. నాయనంటే దానికి గోడమీది ఫోటోనే. ఆఖరు పరీక్షకు ఒక మనిషి నడిచే బొమ్మ చేసుకోని రమ్మన్నారంట, ఇది వాళ్ల నాయన్నే చేసింది. ఆదివారం చర్చినుంచి వస్తానే నన్ను కంప్యూటర్ ముందర కూర్చోబెట్టింది.

మొగం ఆయనదే. తలకు టోపీ, టోపీకి లైటు. ఇంగ బొమ్మ నడిచింది చూడు, రొమ్ము విరుచుకోని, చేతులు ఊపుకుంటా, పోలీసోని మాదిరి.

"ఎవడే వీడు?"

"నాయన."

"మీ నాయన ఎప్పుడే ఇట్ల నడిచినాడు?"

"నాకేం తెలుసు? నువ్వు ఎప్పుడన్నా చెప్పినావా?"

చెప్పలేదు, నిజమే. భూమి లోపల ఇరవై ఏండ్లు వంగి వంగి పనిచేసినోడు, మీద బజారులో కూడా తల వంచే నడిచేవాడు. గనోళ్లు వరసగా కట్టిచ్చిన మా లైనింటి తలుపు ఎంత ఎత్తుండినా వంగే లోపలికొచ్చేవాడు. చివర్లో పదడుగులకొకసారి గోడ పట్టుకోని నిలబడేవాడు. అదంతా ఆ పొద్దు చెప్పినాను.

"నిలబడితే ఎట్లమ్మా? నడక ఆగకుండా రావల్లని మాస్టరు చెప్పినాడు."

"మాస్టరు చూసినాడా మీ నాయన్ను?"

నా కోపం దాని మార్కుల కోసం కాదు. ఆ పోలీసు నడకే దానికి నాయనగా మిగిలిపోతాది, అదీ నా బాధ.

"సరే, నువ్వే నడిచి చూపించు" అని ఫోను తీసింది.

లైను ముందర నడిచినాను. మోకాళ్లు పీకుతా ఉండాయి. తల వంచినాను, గోడ పట్టుకోని నిలబడినాను, మళ్లీ నడిచినాను. పక్కింటామె గడపలోనుంచి, "ఏమక్కా, చర్చినుంచి వస్తానే ఏసుకున్నావా?" అనింది.

"నీ మొగుడు దాచిపెట్టిన సీసా దొరికిందిలే, పో లోపలికి!"

కూతురు ఫోనులో చూసుకోని, "అమ్మా, మొదటిసారి కుడిచేత్తో గోడ పట్టుకున్నావు, రెండోసారి ఎడమచేత్తో. నాయన ఏ చేత్తో పట్టుకునేవాడు?" అని అడిగింది.

నా రెండు చేతులూ చూసుకున్నాను. గోడ గుర్తుండాది. సున్నం మీద ఆయన వేళ్ల మరకలు గుర్తుండాయి. చెయ్యి మాత్రం రావడంలేదు. తొమ్మిదేండ్లు కాపురం చేసినాను, అన్నం పెట్టినాను, ఆ చేతులకు నూనె రాసినాను.

"చెప్పమ్మా, రేపు ఇచ్చేయల్ల."

"ఏదో ఒకటి పెట్టుకో పో!" అని అరిచినాను.

"ఏదో ఒకటి పెట్టినందుకే కదా నన్ను తిట్టింది" అనింది.

కుడిచెయ్యి పెట్టింది. పొద్దుగూకేలోపల మళ్లీ చూపించింది. తల వంచినాడు, నడిచినాడు, గోడ పట్టుకోని ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడు నాయనేనా?" అని నా మొగంలోకి చూసింది. అవునన్నాను.

ఇప్పుడు కండ్లు మూసుకుంటే ఆయన కుడిచేత్తోనే గోడ పట్టుకోని నిలబడతాడు. ముందునుంచీ అట్లే ఉండెనా, లేక ఆ బొమ్మ చూసినాక అట్లయినాడా, ఎంత తన్నుకున్నా నాకు తెలియడంలేదు.