చక్రం చల్లారేదాకా

మొన్న తెల్లవారుజామున ఉదయగిరి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెదనాయన పోయినాడురా. పడుకున్నోడు పడుకున్నట్టే. ఒకరికి చెప్పింది లేదు, ఒక మాట అడిగింది లేదు. ఎప్పటిమాదిరే తొందర," అంది. ఏడవాల్సిన చోట మా ఇంట్లో ఇలాంటి మాటలే వస్తాయి, ఏం చేస్తాం.

ఆయన్ని పాఠకులకు సగౌరవంగా పరిచయం చేయడం నా ధర్మం. మా పెదనాయన టీని పొయ్యి మీది వేడితోనే తాగేవాడు. పెళ్లి భోజనాల్లో మజ్జిగ రాకముందే లేచి చెయ్యి కడిగేవాడు. ఆత్మకూరు బస్సెక్కితే ఊరు కనబడక మునుపే వెళ్లి ఫుట్‌బోర్డు మీద నిలబడేవాడు. ఆయన నిలబడ్డందువల్ల బస్సు ఏనాడైనా ముందు చేరినట్టు దాఖలా లేదు.

ఇంత వేగం గల మనిషి ఒక్క పని మాత్రం ఏళ్ల తరబడి పూర్తి చేయలేకపోయాడు. పెరట్లో రేకుల కొట్టం కింద ఆగిపోయిన నల్ల అంబాసిడర్ ఆయనది. దాని ఇంజన్ని విప్పడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. బిగించేటప్పుడే చిక్కు. ఏ ముక్క బిగువుగా ఉన్నా సుత్తి తీసేవాడు. ఆ సుత్తి దెబ్బలకు ఎన్ని ముక్కలు అమరత్వం పొందాయో ఆ కొట్టానికే తెలియాలి.

కిందటి వేసవిలో పెద్దమ్మ తీర్పు చెప్పింది. "ఈసారి నడిచిందా, సరే. నడవకపోతే పాత ఇనుమోళ్లకు చెప్తా. నాకు ఆ కొట్టంలో బర్రెను కట్టుకోవాల." ఆమె అన్నదంటే చేస్తుంది. పెదనాయన మొదటిసారి భయపడ్డాడు. సెలవులకు వెళ్లిన నన్నూ, ఆత్మకూరు నుంచి కార్లు బాగుచేసే ఒక పాత మేస్త్రీనీ సైన్యంగా పోగు చేశాడు.

అన్నీ అయ్యాక ఒకటి మిగిలింది. ఇంజను వెనక ఒక బరువైన ఇనప చక్రం ఉంటుంది. దాని చుట్టూ పళ్లున్న ఇనప కట్టు బిగించి ఉంటుంది. తాళం తిప్పితే స్టార్టరు ఆ పళ్లను పట్టుకునే ఇంజన్ని తిప్పుతుంది. మా కారుకు ఆ పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. మేస్త్రీ ఎక్కడెక్కడో వెతికి కొత్త కట్టు ఒక్కటి తెచ్చాడు. రెండోది ఎక్కడా లేదు. ఇది పాడైతే ఇంటికి బర్రె వచ్చినట్టే.

కట్టు చక్రం కన్నా వెంట్రుకవాసి చిన్నగా ఉంది. "చిన్నది అంటగట్టినారురా," అంటూ పెదనాయన సుత్తి కోసం వంగాడు. మేస్త్రీ వెళ్లి ఆ సుత్తి మీద కూర్చున్నాడు. నిజంగానే కూర్చున్నాడు.

"దెబ్బకు ఎక్కింది దెబ్బకే ఊడతాదన్నా. దీన్ని కాల్చి దించాల. చల్లారితే అదే బిగుసుకుంటాది."

పెదనాయన మొహం వెలిగింది. "అంటే ఎద్దులబండి చక్రానికి ఇనప పట్టా ఏసినట్టు?"

"అచ్చం అట్నే."

"ఆ ముక్క ముందే చెప్పుంటే ఈపాటికి అయిపోయుండేది గదరా."

బండి చక్రాల పని ఆయన చిన్నప్పుడు కళ్లారా చూసినదే. చూస్తుండగానే పెరట్లో పిడకలు గుండ్రంగా పేర్చాడు. పక్కన నిండు బిందె పెట్టాడు. హోమానికి తక్కువేమీ లేదు, మంత్రాలు తప్ప. ఆ లోటు తీర్చడానికి మెకానికల్ ఇంజనీరింగు చదివిన నన్ను పిలిచాడు.

"పెదనాయనా, నీళ్లు మాత్రం పొయ్యగూడదు," అన్నాను.

"బండి చక్రానికి పోస్తారు గదరా."

"ఆడ లోపల కట్టె ఉండాది. కాలిపోతాదని పోస్తారు. ఇది ఇనుము. పోస్తే ఒక పక్క ముందుగా ముడుచుకొని వంకరపోతాది. పగిలినా పగలొచ్చు."

ఆయన మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ తలూపాడు. "సరే," అన్నాడు పెదనాయన, కానీ బిందె మాత్రం అక్కడే ఉంది.

మేస్త్రీ కట్టు మీద ఒకచోట గరుకు కాగితంతో రుద్ది మెరిపించి మంట మీద పెట్టాడు. ఆ మెరుపు ఎండుగడ్డి రంగుకు తిరగాలట. అంతకు మించితే పళ్లు మెత్తబడతాయట. వీధి వీధంతా వచ్చి గోడ మీద నుంచి చూస్తోంది.

"తిరిగిందా?"

"లేదన్నా."

"ఇప్పుడు?"

"నువ్వు అడిగితే తిరగదన్నా."

తిరిగింది. మేస్త్రీ, పెదనాయన ఇద్దరూ పట్టకార్లతో ఎత్తి చక్రం మీదికి దించారు. ఒక పక్క కూర్చుంది, రెండో పక్క పైకి లేచింది. ఇక క్షణం ఆలస్యమైతే అలాగే పట్టేస్తుంది. నా చదువు మొత్తం నాలుకకు అతుక్కుపోయింది. మేస్త్రీ ఇత్తడి కడ్డీతో ఆ పక్క అలా తాకాడు. కట్టు జారి, ఠంగుమని కూర్చుంది. గోడ మీద ఈలలు మొదలయ్యాయి. ఆ సంబరంలో చూస్తే పెదనాయన చేతుల్లో బిందె.

"అన్నా, పొయ్యొద్దన్నా," అని మేస్త్రీ అడ్డం పోయాడు.

పెదనాయన ఆగాడు. బిందెలో నీళ్లు తొణుకుతున్నాయి. "మరి నన్నేం చెయ్యమంటావురా?"

"ఏమీ చెయ్యగూడదు పెదనాయనా. చల్లారేదాకా కూర్చోవాల."

జీవితంలో ఆయనకు ఎవరూ చెప్పని పని అది. ఒక్క నిమిషం చక్రాన్ని చూశాడు, బిందెను చూశాడు. "దానికొద్దంటే నాకు గావాల," అని మొత్తం తన నెత్తిన కుమ్మరించుకున్నాడు. పెద్దమ్మ నవ్వి నవ్వి కొట్టం గుంజ పట్టుకుంది.

తర్వాత ఆయన తడిబట్టలతో చక్రం ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. టీ తెస్తే పక్కన పెట్టుకుని మరిచిపోయాడు. కోళ్లను రానివ్వలేదు. నేను దగ్గితే అటు తిరిగి దగ్గమన్నాడు. మనిషి అంతసేపు ఒకచోట ఉండడం చూసి పెద్దమ్మ ఒకసారి నుదురు తాకి చూసింది కూడా. "గమ్మునుండు, పట్టుకుంటా ఉండాది," అన్నాడాయన, పసిబిడ్డ నిద్రపోతున్నట్టు.

ఇంజను బిగించి తాళం తిప్పిన రోజు కొట్టమంతా నల్లటి పొగ కమ్మింది. పొగలోంచి ముందు దగ్గు, తర్వాత ఇంజను చప్పుడు, ఆ తర్వాత పెద్దమ్మ గొంతు వినిపించాయి. "ఇంక బర్రెకు ఏరే చోటు చూడాల."

ఆ సాయంత్రమే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆత్మకూరు దారి పట్టాడు. నేను మోటారు సైకిలు మీద వెనకే వెళ్లాను. గాలిలా పోతాడనుకున్నాను. నడిచే మనిషి కన్నా కాస్త ముందు, అంతే. వెనక లారీలు, ట్రాక్టర్లు హారన్లు కొడుతున్నాయి. కిటికీలోంచి ఆయన చెయ్యి బయటికి వచ్చింది. మోచేతి దాకా గ్రీజు. మీరు పోండి, మీరు పోండి అన్నట్టు, ఒక్కొక్క బండినీ తీరిగ్గా ముందుకు పంపిస్తూ.