కరివేపాకు కొన్న నేరం

కరివేపాకును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పైన గడువు తేదీ అంటించి అమ్మడం నాకు నచ్చదు. తీరా మూత తీస్తే నాలుగు రెమ్మలు, అవీ ముఖాలు వేలాడేసుకుని. అయినా తెప్పించుకునేవాణ్ణి.

పక్కింటి అత్తమ్మ పెరట్లోని కరివేపాకు చెట్టు మా గోడ మీదికే వాలి ఉంటుంది. ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. నెక్కొండ నుంచి వరంగల్ వచ్చి, గల్లీ మొత్తానికీ అత్తమ్మ అయిన మనిషి. అడిగితే చెట్టే ఇస్తుంది. కానీ నేను మూడేళ్లు జర్మనీలో పనిచేసి వచ్చినవాణ్ణి. అక్కడ పక్కవాళ్లను నేనడిగింది ఒకే ఒక్క స్క్రూడ్రైవర్. అదీ ముందురోజు మెసేజి పెట్టి తీసుకుని, చాక్లెట్లతో సహా తిరిగిచ్చాను. మర్యాదస్తుడినన్న పేరొచ్చింది. ఇక్కడా ఆ పేరు నిలబెట్టుకుందామనుకున్నాను.

ఒకరోజు డెలివరీ సంచిలోంచి ఆ డబ్బా తొంగిచూసింది. గోడ అవతల నుంచి అత్తమ్మా చూసింది.

"మా చెట్టు సచ్చిందా అల్లుడా?"

"మిమ్మల్నెందుకు తిప్పలు పెట్టుడని..."

దడాలున తలుపేసుకుంది. వారం రోజులు మాట లేదు.

ఎనిమిదో రోజు వెళ్లి, "అత్తమ్మా, జర కరివేపాకు" అన్నాను. చీపురంత కొమ్మ విరిచి చేతిలో పెట్టింది. ఆ ఊపులో నిచ్చెన అడిగాను. మామిడికాయ తొక్కు అడిగాను. రోకలి కూడా అడిగాను.

"మీ ఇంట్ల రోలే లేదు గదా, రోకలేం జేస్కుంటవ్?"

"రోలు గూడ ఇస్తరా?"

"ఓరి నీ! ఇగ ఇల్లు గూడ ఎత్తుకపోతవా?" అని గల్లీ దద్దరిల్లేలా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో చీటీతో మా గేటు ముందు నిలబడింది.

"కారు తియ్యి. దవాఖానకు పోవాలె, కంటి ఆపరేషన్."

ఆవిడ నన్ను అడిగింది! అడగడం కూడా కాదు, హుకుం జారీ చేసింది. ఆ సంబరంలో రెండు వేర్వేరు చెప్పులతో కారెక్కాను. సిగ్నల్ దగ్గర చీటీ తీసుకుని చూస్తే, పైన రెండు తేదీలు కొట్టేసి ఉన్నాయి. కింద రాసింది ఇవాళ్టిది.

"రెండుసార్లు ఎందుకు పోలేదు అత్తమ్మా?"

"ఎంబడి వచ్చేటోళ్లు లేక."

"పక్కింట్లనే ఉన్న గదా, నన్ను అడగొద్దా?"

ఆవిడ రోడ్డు వైపే చూస్తూ అంది:

"నువ్వు నన్నేమన్న అడిగినోనివా, నేను నిన్ను అడగనీకి?"