ఎర్రకారం పడిన కొరియా సూప్

ఆ ఎర్రకారం ఓబులమ్మ ఎందుకు వేసింది? యామిని మీది కోపంతోనా, మనవరాలు చేజారిపోతుందన్న భయంతోనా? అడిగి ఉంటే ఆమె కూడా చెప్పలేకపోయేదేమో.

మగడు పోయాక కమలాపురం దగ్గర చేను ఒంటిచేత్తో సాగు చేసిన మనిషి ఓబులమ్మ. బోరు ఎండినప్పుడు ఏడవలేదు. పండిన పసుపు కొనే దిక్కు లేనప్పుడూ ఏడవలేదు. కూతురు సుగుణ జ్వరంతో పోయిననాడు మాత్రం నేల మీద పడి పొర్లింది. ఏడాది తిరిగాక అల్లుడు రామకృష్ణ యామినిని చేసుకున్నాడు. అప్పటినుంచి కడప ఇంట్లో మనవరాలు హర్షిణి ఆమె కంటికి రోజురోజుకీ చిక్కిపోతూనే కనిపించేది.

ఆ ఆదివారం ఎర్రకారం డబ్బా చంకన పెట్టుకుని వచ్చి దిగింది.

"బిడ్డ సరిగా తినడంల్యా నాయనా. నేను తోడుకపోతా."

రామకృష్ణ తల వంచుకున్నాడు. "ఈ పొద్దు దానికి ఇష్టమైందే వండతాండాది యామిని. అది కూడా వదిలేస్తే నేను అడ్డం రాను అత్తా."

వంటింట్లోని యామినికి ఆ మాట వినబడింది. ఓబులమ్మ వచ్చి గడప మీద కూర్చుంది, కదల్లేదు.

యామిని కోడిని అల్లం వెల్లుల్లితో ఉడకబెట్టింది. ముక్కలు తీసి పీచు పీచుగా చీల్చింది. ఆ నీళ్లలోనే సోయా సాస్ పోసి, ఎర్రడబ్బాలోని కొరియా మిరప ముద్ద కలిపింది.

"ఏందే ఆ వాసన? పులిసినట్లుండాది."

"పులియబెట్టే చేస్తారంటమ్మా."

"ఆహా! చద్దన్నం కూడా పులుస్తాది. దానికి ఇంత ఆర్భాటం చెయ్యం మేము."

యామిని నవ్వబోయి ఆగింది.

రెండో భార్యగా వచ్చినామె కొత్త చీరైనా ప్రత్యేకంగా చేసిన వంటైనా ముందు పోయినామెకు పెట్టి, తర్వాతే తాను ముట్టాలి. యామిని మెడలో సుగుణ పేరిట కట్టిన సవతి బిళ్ల ఉంది. చిన్న గిన్నెలో కాస్త సూపు, నాలుగు కోడి పీచులు తీసుకుని హాల్లో ఫోటో ముందు పెట్టడానికి వెళ్లింది.

పొయ్యి మీద సూపు కుతకుతలాడుతోంది. ఓబులమ్మ లేచి తన కారం డబ్బా మూత తీసింది. ఒక గుంటగరిటెడు వేసింది. చాలదనిపించింది. మళ్లీ వేసి, కలిపి, చెయ్యి కొంగుకు తుడుచుకుని గడప మీదికి వచ్చి కూర్చుంది.

యామిని తిరిగొచ్చి నూడుల్స్ వేసింది. ఆవిరి ముక్కుకు తగలగానే ఒక్క క్షణం నిలబడిపోయింది. ఓబులమ్మ కారం డబ్బా వైపు చూసింది.

"చిన్నమ్మా, అయిందా ల్యాదా?" హాల్లోంచి హర్షిణి కేక.

మళ్లీ వండే వ్యవధి లేదు. యామిని గిన్నె నింపి తీసుకుపోయి పిల్ల ముందు పెట్టింది.

మొదటి గుక్కకే హర్షిణికి పొలమారింది. ముఖం కందగడ్డయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓబులమ్మ చెంబు పట్టుకుని అప్పటికే పక్కన చేరింది.

"వద్దులే తల్లీ, పక్కన పెట్టు. మనూరు పోదాం పా, సంగటి చేస్తా."

"ఉండవ్వా!" అంటూ పిల్ల ఆమె చెయ్యి తోసేసింది. ముక్కు తుడుచుకుని ఇంకో గుక్క, ఆపైన ఇంకోటి. "చిన్నమ్మా, ఇన్నాళ్లూ ఈ కారం యాడ దాచినావు? పోయిన వారం చేసింది జ్వరమొచ్చినోళ్ల జావ మాదిరి ఉండె!"

"నాది కాదు పాపా." యామిని ఓబులమ్మ వైపు చూడలేదు. "మీ అవ్వ చెయ్యి పడింది."

"అవ్వా! నువ్వు కొరియాలో పుట్టాల్సిందానివి!"

రామకృష్ణ పెద్దగా నవ్వాడు. ఓబులమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. హర్షిణి ఖాళీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. అడుగున మిగిలిన నూడుల్స్ నాకంటే నాకని పిన్నీ బిడ్డా అక్కడ వాదులాడుకుంటున్నారు.

ఓబులమ్మ చెంబు కింద పెట్టింది. వాకిట్లో చెప్పులు తొడుక్కుంది. పోయొస్తానని ఎవరికీ చెప్పకుండా, ఎర్రటి ఎండలో బస్టాండు దారి పట్టింది.