తోసేసిన చెయ్యి

చిక్కబళ్ళాపురం నుంచి వచ్చామని చెప్పగానే, స్కూబా డైవింగ్ నేర్పే ఆయన నవ్వాడు. "అక్కడ ఎంత లోతు బోరేసినా నీళ్ళు రావంట కదా సార్, మీకు ఈత ఎక్కడ వచ్చింది?" అని కన్నడంలో అడిగాడు. పడవలో అందరూ నవ్వారు. మా బామ్మర్ది కూడా నవ్వాడు. ఆ నవ్వు నేనింకా మరచిపోలేదు.

నాకు ఈత మండికల్ దగ్గర మా పొలం బావిలో వచ్చింది. నడుముకు నీళ్ళలో తేలే కిత్తనార బెండ్లు కట్టి మా చిన్నాయన నీళ్ళలోకి తోసేశాడు. ఆయన గట్టిగా చెప్పింది ఒకటే. "మునిగేవానికి చెయ్యి ఇయ్యొద్దప్పా. పట్టుకున్నాడంటే ఇద్దరూ పోతారు. టవలు ఇసిరెయ్." అప్పటి నుంచి నీళ్ళలో ఎవరు చెయ్యి చాపినా తోసేయడం నాకు అలవాటైంది.

కోర్సు చివరి రోజు పడమటి సముద్రంలో ఒక దీవి పక్కన పడవ ఆపారు. నేనూ బామ్మర్దీ ఒక జోడీ. దిగే ముందు డైవింగ్ నేర్పే ఆయన పలక మీద గీసి చెప్పాడు. ప్రవాహం పెరిగితే ఎదురీదవద్దు. బండల చాటుకు రావాలి. జోడీ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాలి. విడిపోతే ఒక నిమిషం వెతికి, మెల్లగా పైకి వచ్చి, నారింజ రంగు గొట్టంలో గాలి నింపి పడవకు కనిపించేలా నిలబెట్టాలి. అంత వివరంగా చెప్పాడని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేను ఆ ఎగతాళికి జవాబు వెతుక్కుంటున్నాను.

కాసేపటికి అడుగున ప్రవాహం పెరిగింది. ఆయన బండ చాటు నుంచి రమ్మని సైగ చేశాడు. నేను మాత్రం లంగరు తాడు వైపే ఎదురీదాను. కాళ్ళు ఆడుతున్నాయి కానీ ముందుకు కదలడం లేదు. సిలిండర్‌లో గాలి సగానికి పడిపోయింది. అప్పుడు బామ్మర్ది నా వైపు చెయ్యి చాపాడు. నేను తోసేశాను. ప్రవాహం అతన్ని బండ దాటించి తీసుకుపోయింది.

నేర్పే ఆయన నా జాకెట్ పట్టి చాటుకు లాగాడు. ఒక నిమిషం వెతికాం. పైకి వచ్చి చూస్తే బామ్మర్ది లేడు. పడవ ప్రవాహం పోయే దిక్కుకు తిరిగింది. ఇంట్లో నా భార్య, తన తమ్ముడు ఏమయ్యాడని అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు.

చాలా దూరంలో నారింజ గొట్టం కనిపించింది. దాని కింద బామ్మర్ది ఈదకుండా, చేతులు కట్టుకుని తేలుతున్నాడు. పైకి లాగాక నీళ్ళు తాగి, "చెయ్యి ఇస్తే తోసేస్తివి కదా బావా," అన్నాడు.

నేర్పే ఆయన మీదికి తిరిగాను. "బావిలో ఈత నేర్చినోళ్ళకు ఆ సంగతి విడిగా చెప్పాల కదా!"

ఆయన పలక నా ముందు పెట్టాడు. పట్టుకున్న రెండు చేతుల బొమ్మ అందులో పెద్దగానే ఉంది.

ఈ ఏడాది బామ్మర్ది మళ్ళీ డైవింగ్‌కు బుక్ చేశాడు. జోడీగా బాగేపల్లి స్నేహితుడి పేరు ఇచ్చాడు. నా సంగతేమిటని అడిగాను.

"నీకూ టికెట్ తీసినా బావా. పడవలో కూర్చునే దానికి."

నాకు కోపం వచ్చింది. రానని చెప్పాను. పోయే రోజు మాత్రం అందరికంటే ముందే పడవెక్కి, నీళ్ళలో ఆ గొట్టం ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ కూర్చున్నాను.