చావడి ఊ కొట్టిన ఆదివారం

నిన్న మా మనవరాలు బడినుంచి ఇంటిపని తెచ్చుకుంది. ఒక భయంకరమైన కథ రాయాలి, ప్రకృతి మీద ఒక చిన్న కవిత రాయాలి. వినగానే నాకు నవ్వు ఆగలేదు. కొన్నేళ్ళ కిందట ఇదే ఇంటిపని మా చిన్నమ్మకు తిండీ నిద్రా లేకుండా చేసింది. తమిళనాట ఉన్న మా రాజపాళయంలో మాకు మాట తెలుగు, రాత తమిళం. చిత్తూరునుంచి వచ్చిన ఒక మాస్టారు ఆదివారాలు మా వీధి చావడిలో కథలూ కవితలూ రాయడం నేర్పుతాననీ, తెలుగును తమిళ అక్షరాల్లో రాసినా ఫరవాలేదనీ అన్నారు. అందరికంటే ముందు పేరిచ్చింది చిన్నమ్మే. మా తరం పిల్లలందరం ఆమె చెప్పిన దయ్యాల కథలు విని, పెరట్లోకి వెళ్ళడానికి కూడా తోడు అడిగినవాళ్ళమే. అప్పటికి మాత్రం ఆమె నోరు తెరిస్తే ఇంట్లో పిల్లలు ఫోన్లలోకి తల దూర్చేవాళ్ళు. "నా కథలన్నీ నాతోనే కాటికి రావాల్నా? చావడిలో నలుగురి ముందర ఒక్కటి చెప్పినానంటే చాలు," అన్నది నాతో. చివరి ఆదివారం అక్కడ చదవాలంటే రాసిన కథనూ కవితనూ మాస్టారు ఒప్పుకోవాలి.

కవిత తేలిగ్గానే గట్టెక్కింది. చిన్నదిగా ఉండాలని మాస్టారు అంటే మాత్రం, "ఉప్పు చాలకుంటే ఇంకో చిటికెడు ఎయ్యకూడదా సార్?" అని బేరమాడింది. చివరికి రాసింది ఇది:

కొండ మింద మబ్బు కూర్చునింది.
ఎవురూ లెయ్యమనలేదు.
అదే లేచి వాన అయ్యింది.

మాస్టారు రెండుసార్లు చదివించుకున్నారు. చిక్కంతా కథతో వచ్చింది. ప్రతి వాక్యం తరవాతా చిన్నమ్మ "ఊ" అని రాసిపెట్టింది! మా ఇళ్ళలో కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊ కొట్టాలి, ఊ ఆగితే కథా ఆగిపోతుంది. ఒంటరిగా కూర్చుని రాస్తున్నప్పుడు ఊ కొట్టే దిక్కు లేక, పాపం ఆమే కొట్టుకుంది. మాస్టారు అన్నింటినీ ఎర్ర పెన్నుతో కొట్టేసి, "ఇవి కథలో భాగం కాదమ్మా, తీసేసి చదవండి," అన్నారు. ఇంటికొచ్చి నాముందు చదవబోతే అడుగడుగునా తడబాటే. చూడలేక నేను, "మానుకో చిన్నమ్మా," అన్నాను. "మానుకునేదానికా పేరు ఇచ్చినాను?" అని నామీద విరుచుకుపడింది.

చివరి ఆదివారం చావడి కిక్కిరిసింది. చిన్నమ్మ లేచి, కాగితం మడిచి నడుములో దోపుకుంది. "నేను చెప్తా ఉంటే మీరు ఊ అనాల. అనకుంటే దిగి పోతాను, అంతే!" అన్నది. అందరూ నవ్వారు. మొదటి ఊ కొట్టింది మాస్టారే, ఆ తరవాత చావడి అంతా అందుకుంది. కథ పత్తి గింజలు తీసే షెడ్డులో, మిట్టమధ్యాహ్నం. అందరూ అన్నానికి పోయారు. పత్తికుప్ప పక్కన ఒక పిల్ల ఒంటరిగా మిగిలింది. ఊ. భయం పోవడానికి ఆ పిల్ల తనకు తానే కథ చెప్పుకోసాగింది. ఊ. "ఒక ఊర్లో ఒక రాజు ఉన్నాడు, అనింది పిల్ల. పత్తికుప్ప లోపలినుంచి ఎవురో..."

అక్కడ ఆపి మావంక చూసింది. ఒక్క నోరు లేస్తే ఒట్టు! ఇప్పుడు ఎవరు ఊ అంటే, ఆ కుప్పలోనుంచి ఊ కొట్టింది వాళ్ళే అయినట్టు. మా బావ, అంత మీసాల మనిషి, నా మోచేయి పట్టుకున్నాడు. మాస్టారు నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు. "ఏమి, ఎవురూ అనరా?" అన్నది చిన్నమ్మ నెమ్మదిగా. అంతే, కేకలూ ఈలలూ చప్పట్లతో చావడి పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. అంత గర్వం నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు.

ఆ సాయంత్రం చిన్నమ్మ గుమ్మం ముందు పిల్లల చెప్పులే చెప్పులు, లోపల ఇంకో కథ మొదలైంది. కాలం కథలు చెప్పేవాళ్ళను ముసలివాళ్ళను చేస్తుంది గానీ, ఊ కొట్టేవాళ్ళను మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగా కంటూనే ఉంటుంది.